కుడిచేతి బ్రూబేకర్

సభకు పెద్దగా కూర్చున్న మన యజమాని హాలిస్ ప్రెంటిస్ గారికి, నమిలే గమ్ము అమ్మే కంపెనీ తరఫున షికాగో నుంచి రైలెక్కి వచ్చిన కార్డెల్ గారికి, నాకంటే ముందు ఈ అచ్చు కార్ఖానా మెట్లెక్కి నాకంటే ముందే దిగిపోయిన ముసలి మిత్రులకు, ఇంకా ఎక్కుతూ దిగుతూ ఉన్న అచ్చువాళ్ళకు, కాగితం అందించే ఆడవాళ్ళకు, రాళ్ళు మోసేవాళ్ళకు, కెమెరా గదిలో కొత్తగా చేరినవాళ్ళకు, ముందు వరసలో కూర్చుని నా టై వంకరగా ఉందని ఇప్పటికి మూడుసార్లు సైగ చేసిన నా భార్య ఆల్మాకు, అందరికీ నమస్కారం. (నవ్వులు.)

నాకు ఉపన్యాసం అలవాటు లేదు. పొలం గట్టున ఒంటిగది బడిలో ఆరో తరగతి దాకా చదివాను. తరవాత నలభై ఏళ్ళు ఈ కార్ఖానాలో బొమ్మలు అచ్చువేసే రాయి ముందు కూర్చున్నాను. రాయితో కాపురం చేసినవాడికి రాయి గుణమే వస్తుంది, మాట తొందరగా పెగలదు. అందుకని తడబడితే ఓర్చుకోండి. పంది తొడ మాంసం చాలా బాగా కాల్చారు. బంగాళాదుంపలు ఇంకా బాగున్నాయి. వండినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెప్పాలని ఉంది గాని ఒక్క పేరు మరిచిపోయినా సోమవారం ఈ వీధిలో నడవలేను.

అధ్యక్షులు నా గురించి మంచి మాటలు చాలా చెప్పారు. వాటిలో సగం మా అమ్మ విని ఉంటే నమ్మేది కాదు. నలభై ఏళ్ళలో క్లెమ్ యూల్ చేసిన తప్పు ఒక్కటే ఒక్కటి అన్నారు, అంటూ ఆ తప్పును ఇంత పెద్దది చేసి అద్దం కట్టించి, అదిగో, నా వెనక గోడకి వేలాడదీయించారు. మీరంతా నవ్వారు. వెనక నుంచి గస్ "ఒరే కుడిచెయ్యీ!" అని అరిచాడు. నన్ను ఈ కార్ఖానాలో ఇరవై ఎనిమిదేళ్ళుగా అలాగే పిలుస్తున్నారు, గస్ కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

కార్డెల్ గారికి తెలియదు గనక చెప్పాలి. రాతి మీద బొమ్మ గీసేటప్పుడు అద్దంలో కనబడినట్టు తిప్పి గీయాలి. కాగితం మీద ఒత్తితే మళ్ళీ తిరిగి సరిగ్గా వస్తుంది. పనిలో చేరిన వారానికి ఎవడికైనా తెలిసే సంగతి ఇది. నేను పన్నెండేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, పందొమ్మిది వందల పదిలో, సిగరెట్ పెట్టెల్లో పెట్టే బేస్‌బాల్ బొమ్మలు గీస్తూ, ఎనోస్ బ్రూబేకర్ అనే ఆటగాడి ఫోటోను తిప్పకుండా ఉన్నదున్నట్టు రాతి మీదికి దింపాను. ఈ రాష్ట్రంలో ఎడమచేత్తో బంతి విసరడంలో అంతటివాడు లేడనిపించుకున్న మనిషి కాగితం మీద కుడిచేత్తో విసురుతూ తేలాడు. అక్షరాలు వేరే అతను చెక్కాడు, అవి సరిగ్గానే ఉన్నాయి. మనిషి ఒక్కడే తిరగబడ్డాడు. పట్టుకునే లోపల రెండు లక్షల కార్డులు అచ్చయి వెళ్ళిపోయాయి.

ఇప్పుడు కార్డెల్ గారి కంపెనీ ఆ పాత బొమ్మల్ని గమ్ము పొట్లాల్లో పెట్టి మళ్ళీ తెస్తోంది. 'ఆనాటి వీరులు' అని పేరు. యాభై బొమ్మలు. జూన్ మొదటి వారంలో దుకాణాలకు చేరతాయి. వాటిలో పదిహేడోది బ్రూబేకర్. "తన తప్పును తన చేత్తోనే దిద్దుకుని, ఎడమచేతివాణ్ణి ఎడమచేతివాడుగా చేసి క్లెమ్ మన దగ్గర సెలవు తీసుకుంటాడు" అని హాలిస్ గారు ప్రకటించారు, మీరు చప్పట్లు కొట్టారు. నా చివరి పనిగా అలా దిద్దమని నా బల్ల మీద చీటీ పెట్టి మూడు వారాలయింది.

నేనా పని చేయలేదు. చేయను. (కలకలం.) ఎందుకు చేయనో చెప్పడానికే ఇవాళ లేచాను. ఈ బొమ్మ మళ్ళీ బయటికి వస్తే ఒక మనిషికి తన వాళ్ళతో కూర్చుని అన్నం తినే హక్కు రెండోసారి పోతుంది. అంతే విషయం. ఆపిల్ పై మిఠాయి కోసుకోండి, కోసుకుంటూ వినండి. నేను మధ్యలో ఆపను.

ఆ ఏడాది మూడువందల ముఖాలు ఆరు వారాల్లో కావాలన్నారు సిగరెట్ కంపెనీవాళ్ళు. అటలాంటిక్ నుంచి మిసిసిపీ దాకా ఉన్న ఆటగాళ్ళ ఫోటోలు గోనెసంచుల్లో వచ్చేవి. మేం నలుగురం గీసేవాళ్ళం. ముఖం ఒకసారి రాతి మీదికి ఎక్కితే ఇక అది మనిషిది కాదు, కార్ఖానాది. ఒక జట్టు ఒకణ్ణి ఇంకో జట్టుకు అమ్మేస్తే, ఆ ముఖాన్ని అలాగే ఉంచి చొక్కా గీకేసి కొత్త రంగు చొక్కా తొడిగేవాళ్ళం. ఒక ఏడాదిలో ఒకతనికి నేను నాలుగు చొక్కాలు మార్చాను. పాపం ఆయన నిజంగా అన్ని మార్చుకుని ఉండడు. (నవ్వులు.) నవ్వండి. ఇంకోటి చెబుతాను. టొలీడో జట్టులో బంతి కొట్టేవాడి వెనక కూర్చుని బంతి పట్టే ఆటగాడు ఒకాయన చలికాలంలో టైఫాయిడ్‌తో పోయాడు. వసంతంలో మేం ఆయన బొమ్మ వేశాం, వెనక 'ఈ ఏటి ఆశాజ్యోతి' అని రాసి. ఆయన భార్య ఈ కార్ఖానా గుమ్మంలోకి వచ్చింది. పెళ్ళిలో కూడా ఫోటో తీయించుకోలేదు, ఆయన రూపు ఇంట్లో లేదు, ఒక్క కార్డు ఇప్పించండి అంది. గోదాము చూసే పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా?

"విడిగా ఇవ్వమమ్మా. సిగరెట్లు కొను, దొరకొచ్చు."

దొరకొచ్చు! మొగుడి ముఖం కోసం పెట్టెలు చించుకోమన్నాడు. నేను లోపల నా రాయి ముందు కూర్చుని విన్నాను. లేచి ఒక కార్డు తీసి ఇవ్వవచ్చు. చేతికి అందే దూరంలోనే కట్టలున్నాయి. లేవలేదు. అప్పుడు నా వయసు ముప్ఫైమూడు, పసివాణ్ణేమీ కాదు.

ఇక ఎనోస్ సంగతి. వాల్నట్ వాగు దగ్గర సహోదరుల క్రైస్తవ సంఘం మీలో చాలామందికి తెలుసు. నల్లటోపీలు, మీసం లేని గడ్డాలు, శనివారం సంతకు గుర్రపు బళ్ళలో గుడ్లు తెస్తారు. వాళ్ళు ఒట్టు పెట్టరు, కోర్టుకెక్కరు, పొగాకు ముట్టరు, ఫోటో తీయించుకోరు. ఎనోస్ ఆ సంఘం పిల్లవాడు. ఇరవై రెండేళ్ళ వయసుకే ఎడమచేత్తో విసిరితే బంతి కనపడేది కాదు. ఆదివారం ఆడనని ముందే చెప్పి జట్టులో చేరాడు, శనివారం ఆట కాగానే రైలెక్కి ఇంటికి పోయి ఆదివారం పొద్దున్న సంఘం ప్రార్థనలో బల్ల మీద కూర్చునేవాడు. సంఘం పెద్దలు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. మైదానంలో జనాన్ని ఫోటో తీసినవాడెవడో ఈయన్నీ తీశాడు, ఈయనకు తెలియదు.

బొమ్మ వేయాలంటే ఆటగాడి సంతకం కావాలని సిగరెట్ కంపెనీ వకీళ్ళ నియమం. సంతకాలు పోగుచేసే పని ఊరూరా పత్రికల్లో ఆట కబుర్లు రాసేవాళ్ళకు అప్పగించారు, సంతకానికి ఇంత అని. వాళ్ళు ఆటగాళ్ళకు ఉత్తరం రాయడం, వచ్చిన జవాబును ఫోటో వెనక గుచ్చి మాకు పంపడం, మేం జాబితాలో పేరు పక్కన 'సంతకం అందింది' అని గీత పెట్టడం. అదీ పద్ధతి.

ఎనోస్ ఫోటో నా బల్ల మీదికి వచ్చింది. వెనక ఉత్తరం గుచ్చి ఉంది. చదివాను. చదివి లేచి, పెద్ద ప్రెంటిస్ గారి గదికి, అంటే అధ్యక్షుల తండ్రిగారి గదికి వెళ్ళాను. ఆయన అద్దాలు కూడా పెట్టుకోలేదు.

"కింద సంతకం ఉందా?" అన్నారు.

"ఉందండీ. కానీ పైన..."

"సంతకం ఉందా లేదా అది చెప్పవోయ్."

"ఉందండీ."

"మరింకేం? సంతకం ఉంటే అందినట్టే. పైన ఏం రాశాడో చదవడానికి నీకు జీతం ఇవ్వడం లేదు. పోయి గీయి."

పోయి గీశాను.

జాబితాలో 'బ్రూబేకర్, సంతకం అందింది' అని గీత పెట్టింది కూడా నేనే. నా బల్ల మీది కాగితాలకు గీత నేనే పెట్టాలి. ఆ సాయంత్రం ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేయడానికి చెయ్యి రాలేదు, చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాను. అదొక్కటే ఆ రోజు నేను చేసిన మంచిపని అని చాలాకాలం అనుకున్నాను. కాదు. దాచడం మంచిపని కాదు.

బొమ్మ వచ్చింది. ముందువైపు నేను గీసిన మనిషి, కింద 'పాదిరి బ్రూబేకర్' అని వెటకారం పేరు. వెనక ఆయన అన్నట్టుగా రెండు వాక్యాలు: ఆటకు ముందొకటి, ఆట తరవాతొకటి కాల్చకపోతే తన చెయ్యి కుదుటపడదట! జన్మలో సిగరెట్ ముట్టనివాడు. ఆ వాక్యాలు రాసినవాణ్ణి నేను చూశాను, మా కిటికీ దగ్గర కూర్చుని అరగంటలో ఇరవైమంది నోళ్ళలో ఇరవై మాటలు పెట్టి పోయాడు. ఈలలు వేసుకుంటూ రాశాడు.

ఒక సోమవారం ఎనోస్ వచ్చాడు. టోపీ తీయలేదు, గొంతు పెంచలేదు. పెద్ద ప్రెంటిస్ గారితో "ఆపండి" అన్నాడు. ఆయన "అచ్చు మాది, సరుకు వాళ్ళది. తరవాత మాట్లాడదాం" అన్నారు. ఎనోస్ తిరిగి పోతుంటే నేను చొక్కా తొడుక్కుని ట్రాం దాకా వెంట వెళ్ళాను. దారిలో నాకు తట్టిన తెలివి ఏమిటో చెబుతాను వినండి, నలభై ఏళ్ళు మీరు మెచ్చుకున్న క్లెమ్ యూల్ తెలివి.

"ఎనోస్ గారూ, ఆ బొమ్మలో మనిషి కుడిచేత్తో విసురుతున్నాడు చూశారా? మీరు ఎడమచేతివాళ్ళు. వాడు నేను కాదు అనండి, సరిపోతుంది. నేను వచ్చి మీ పెద్దల ముందు ఒట్టేసి చెబుతాను."

"మా వాళ్ళు ఒట్టు వేయించుకోరు" అన్నాడు.

"అయితే ఉత్తినే చెబుతాను."

నవ్వాడు. వద్దనలేదు, రమ్మనలేదు.

గురువారం వాళ్ళ సంఘం కూర్చుంది. పది మైళ్ళు వెళ్ళాను. రంగు వేయని చెక్కబల్లలు, ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు. పెద్దాయన జేకబ్ హెక్‌మన్ కార్డును వేలికొసలతో పట్టుకున్నాడు. నేను లేచి కుడిచెయ్యి, ఎడమచెయ్యి కథంతా చెప్పాను. చెబుతుంటే వాళ్ళ ముఖాలు విచ్చుకోవడం కనిపించింది. వాళ్ళకూ కుర్రవాణ్ణి పోగొట్టుకోవాలని లేదు. వెనకనుంచి ఒక ముసలాయన "చెప్పలేదూ, మన పిల్లాడు కాదని!" అన్నాడు. ఎనోస్ తల్లి అటువైపు బల్ల మీద కళ్ళు తుడుచుకుంది. హెక్‌మన్ గారు నియమం ప్రకారం ఒక్క ప్రశ్న అడిగారు.

"సహోదరుడా, ఇది నువ్వేనా?"

ఎనోస్ కార్డు తీసుకుని చూశాడు. "చెయ్యి నాది కాదు. ముఖం నాదే" అన్నాడు.

హెక్‌మన్ గారు కార్డు వెనక్కి తీసుకున్నారు.

"నువ్వే అనుమతి ఇచ్చావా?"

"ఇవ్వలేదు. వద్దని ఉత్తరం రాశాను."

"ఆ ఉత్తరం ఏదీ?"

"వాళ్ళకు పంపాను కదా. నా దగ్గర ఎట్లా ఉంటుంది?"

హెక్‌మన్ గారు నావైపు చూశారు. ఎనోస్ కూడా చూశాడు. నేను ఆ కార్ఖానా మనిషిని కనక చూశారు, అంతే. వాళ్ళకేమీ తెలియదు. ఉత్తరం మా ఇంట్లో బల్ల సొరుగులో ఉంది. "ఉంది, నేను చదివాను, రేపు తెచ్చిస్తాను" అంటే అయిపోయేది. ఆ మాట అంటే మర్నాడు కార్ఖానాలో నాకు రాయి ఉండదు. నా పిల్లలిద్దరూ అప్పుడు చిన్నవాళ్ళు. అది కారణమే గాని సాకుగా చెప్పడం లేదు. "నాకు తెలియదండీ" అన్నాను.

అబద్ధానికి సాక్ష్యం చెప్పడానికి పది మైళ్ళు ఉత్సాహంగా పోయినవాణ్ణి, నిజానికి సాక్ష్యం చెప్పవలసి వచ్చేసరికి నాకు తెలియదన్నాను. హాలిస్ గారూ, మీరు గోడకి వేలాడదీయవలసిన తప్పు అది. దానికి అద్దం కట్టించండి.

సంఘం ఎనోస్‌ను వెలివేసింది. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళ ముందున్న రుజువు కార్డు ఒక్కటే. ఎనోస్ ఆ ఏడే ఆట మానేసి తండ్రి పొలానికి వెళ్ళిపోయాడు. వాళ్ళలో వెలి అంటే ఇల్లు విడిచి పోవడం కాదు. ఇంట్లోనే ఉండాలి. పనికి రావాలి. భోజనం మాత్రం వేరే. వంటింటి తలుపు దగ్గర చిన్నబల్ల వేశారు. తండ్రీ అన్నదమ్ములూ పెద్దబల్ల దగ్గర, ఎనోస్ అక్కడ. తల్లి రెండు బల్లలకీ వడ్డించేది. పందొమ్మిదేళ్ళు. వెలివేసిన పదిహేడో ఏట తండ్రి పోయాడు, కొడుకుతో ఒక బల్ల దగ్గర తినకుండానే. మరో రెండేళ్ళకు, పందొమ్మిది వందల ఇరవై తొమ్మిదిలో, ఎనోస్ సంఘం ముందు మోకరించి, తాను చేయని పనికి తప్పు ఒప్పుకుంటే మళ్ళీ చేర్చుకున్నారు. ఇక ఆ బొమ్మ భూమ్మీద లేదని, అంతా పాతపడిపోయిందని వాళ్ళు నమ్మారు.

నేనేం చేశాను ఈ పందొమ్మిదేళ్ళూ? వరదొచ్చినప్పుడు కింది అంతస్తులో రాళ్ళు మునిగితే మూడు రోజులు బురదలో నిలబడి ఒక్కొక్కటే తీసి కడిగాను. వాటిలో బ్రూబేకర్ రాయి కూడా ఉంది. చెక్కుచెదరలేదు. జాగ్రత్తగా ఆరబెట్టి బీరువాలో పెట్టాను. దానికి అప్పట్లో నాకు బహుమానం ఇచ్చారు.

మూడు వారాల కిందట, చీటీ నా బల్ల మీదికి వచ్చిన వారమే, ఎనోస్ మా ఇంటి వరండాలోకి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. గమ్ము కంపెనీ ప్రకటన ఎవరో సంతలో ఆయనకు చూపించారట, కింద యాభై పేర్లున్నాయి.

"క్లెమ్, దిద్దుతారట కదా ఈసారి, ఎడమచేతికి?" అన్నాడు.

"దిద్దమన్నారు."

"దిద్దితే మా వాళ్ళు ఏమంటారో తెలుసా? మనిషి చెప్పకపోతే చెయ్యి ఎట్లా సరిగ్గా వస్తుంది, వీడే పోయి చెప్పి దిద్దించుకున్నాడు అంటారు. మొదటిసారి నన్ను అడక్కుండా వేశారని నమ్మినవాడు కూడా రెండోసారి నమ్మడు. నేనైనా నమ్మను."

"నన్నేం చేయమంటావు?"

"నిన్ను అడగడానికి రాలేదు. గీసినవాడివి కదా, తెలియాలని చెబుతున్నా."

ఇంత చెప్పి వెళ్ళిపోయాడు. జూన్ నెలలో వాళ్ళ ప్రేమవిందు. ఒకరి కాళ్ళు ఒకరు కడిగి, ఒకే గిన్నెలోంచి నలుగురు తింటారు. ఈ ఏడు తొంభై ఏళ్ళ హెక్‌మన్ గారి పక్కన ఎనోస్‌కు చోటిచ్చారు. కార్డులు దుకాణాలకు వచ్చేదీ జూన్ నెలలోనే. ఇప్పుడు మీకు అర్థమయిందనుకుంటాను నేను ఏ పని చేయనన్నానో.

ఏమండీ కార్డెల్ గారూ? వినబడలేదు, కొంచెం లేచి చెప్పండి. సంతకం ఉంది అంటున్నారు. సిగరెట్ కంపెనీ దగ్గర హక్కులన్నీ కొన్నారు, జాబితాలో బ్రూబేకర్ పేరు పక్కన 'సంతకం అందింది' అని స్పష్టంగా ఉంది, చట్టప్రకారం మీ తప్పేమీ లేదు. నిజమే, అలాగే ఉంది. ఆ గీత నాదే అని ఇందాకే చెప్పాను. జాబితా మీ దగ్గరికి వచ్చింది. సంతకం ఉన్న కాగితం మాత్రం నా దగ్గర ఉండిపోయింది. ఇదిగో. ఆల్మా, నా అద్దాలు.

చదువుతాను. చిన్నదే.

"అయ్యా, మీ ఉత్తరం అందింది. నా బొమ్మ వేయడానికి నేను ఒప్పుకోను. మా వాళ్ళు ఫోటోలు తీయించుకోరు, పొగాకు ముట్టరు. నేను బంతి విసురుతాను, దానికి జీతం తీసుకుంటాను. అది మైదానంలో నా పని. నా ముఖం పని చేయదు, దానికి కూలి అక్కర్లేదు. మీరు పంపిన పది డాలర్లు ఇందులోనే పెట్టి తిప్పి పంపుతున్నాను. దయచేసి మళ్ళీ అడగవద్దు. ఎనోస్ బ్రూబేకర్."

నా చేతికి వచ్చేసరికి పది డాలర్లు మాత్రం ఇందులో లేవు. (ఎవరో ఒకరు నవ్వి ఆపుకున్నారు.)

కార్డెల్ గారూ, మీరు కొన్న సంతకం ఇదీ. వద్దు అని రాసి కింద పెట్టిన సంతకాన్ని ఒప్పుకున్నట్టు లెక్కవేసి, ఇరవై ఎనిమిదేళ్ళు ఒక చేతి నుంచి ఒక చేతికి మార్చుకున్నాం, పైన ఏముందో ఎవరూ చదవలేదు. చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. మనం అచ్చు వేసినవాళ్ళం, వాళ్ళు అమ్మినవాళ్ళు, మీరు కొన్నవాళ్ళు, అందరి చేతులూ శుభ్రంగా ఉన్నాయి, చిన్నబల్ల దగ్గర తిన్నది మాత్రం ఇందులో దేనికీ సంబంధం లేని మనిషి. నాకు ఒళ్ళు మండేది ఇక్కడ. ఎవడైనా ఒకడు దొంగతనం చేసి ఉంటే బాగుండేది. పట్టుకునేవాళ్ళం.

ఇంకొక సంగతి. పదిహేడో బొమ్మ రాయిని, అంటే బ్రూబేకర్ రాయిని, ఇవాళ పొద్దున్న ఆరు గంటలకు వచ్చి ఇసకా నీళ్ళూ వేసి నూరేశాను. ముందు చెయ్యి పోయింది, తరవాత చొక్కా, ముఖం అన్నిటికంటే ఆలస్యంగా పోయింది. మంచి కొవ్వు పెన్సిల్‌తో గీసింది, లోపలికి దిగి ఉంటుంది. రెండు గంటలు పట్టింది. రాయి తెల్లగా ఉంది, పనికొస్తుంది, బీరువాలో దాని చోట దాన్నే పెట్టాను.

అవును హాలిస్ గారూ, రాయి కార్ఖానాది. అడగకుండా చేశాను. అడిగితే తరవాత మాట్లాడదాం అంటారని నాకు తెలుసు, మీ నాన్నగారి దగ్గర ఆ మాట నేను విన్నాను. జరిమానా వేయండి, కడతాను. కానీ రాయి నూరినంత మాత్రాన అయిపోలేదనీ నాకు తెలుసు. నేను మోసపోయే కాలం దాటింది. కెమెరా గదిలో కుర్రవాళ్ళు పాత కార్డు ఒకటి ఎవరింట్లోంచో తెచ్చి ఫోటో తీసి, అద్దంలోలాగా తిప్పేసి, మధ్యాహ్నం భోజనం లోపల కొత్త అచ్చుపలక తయారుచేయగలరు. రాతికాలంలో అయితే నా చెయ్యి లేకుండా జరిగేది కాదు. ఇప్పుడు నా చెయ్యి అక్కర్లేదు. అందుకే నన్ను ఇంటికి పంపుతున్నారు, అందులో తప్పేమీ లేదు.

కనక ఒక్కటి అడిగి దిగిపోతాను. రేపు ఆదివారం. పది గంటలకు వాల్నట్ వాగు సంఘం కూర్చుంటుంది. ఈ ఉత్తరం తీసుకుని వెళుతున్నాను. హెక్‌మన్ గారికి చూపు తగ్గింది, వేరే ఎవరైనా చదివి వినిపిస్తారు. ఆ గురువారం నాకు తెలియదన్నది అబద్ధమని వాళ్ళ ముందు చెబుతాను. నన్ను వెలివేయడానికి నేను వాళ్ళ సంఘం వాణ్ణి కాను, ఆ సుఖం నాకుంది. వాళ్ళు ఎక్కువ మాట్లాడరు. ఒక్క ప్రశ్న అడుగుతారు: "ఆ బొమ్మ మళ్ళీ వస్తుందా?" నేనేం చెప్పాలి? సోమవారం కాదు, వకీలుతో మాట్లాడాక కాదు. ఇక్కడ చెప్పండి హాలిస్ గారూ. మీరు ఆరేళ్ళవాడుగా ఉన్నప్పుడు నా బల్ల కింద కూర్చుని రంగు పెన్సిళ్ళు అరగదీసేవారు, ఆ చనువుతో అడుగుతున్నాను.

(కార్డెల్ గారు అధ్యక్షుల చెవిలో ఏదో చెప్పారు. అధ్యక్షులు తల అడ్డంగా ఊపి, కూర్చునే ఏదో అన్నారు.)

ఇంకొంచెం గట్టిగా అనండి బాబూ. వెనక వరసల్లో ఉన్నవాళ్ళు ముప్ఫై ఏళ్ళు మిషన్ల పక్కన నిలబడ్డారు, చెవులు అక్కడే వదిలేశారు.

(అధ్యక్షులు లేచి, "రాదని చెప్పు క్లెమ్. ఈ కార్ఖానాలోంచి రాదు" అన్నారు. గస్ "వినబడిందండీ!" అని అరిచాడు.)

విన్నారుగా. నూట పదిమంది విన్నారు. ఈ కార్ఖానాలోంచి రాదన్నారు, ఇంకో కార్ఖానా మాట ఆయన చెప్పలేరు, అది కార్డెల్ గారు చెప్పాలి. ఆయన ఇప్పుడు ఏమీ చెప్పడం లేదు. ఉత్తరం నకలు ఒకటి ఆల్మా రాసింది, ఆయనకు ఇచ్చి పంపుతాం, రైల్లో చదువుకోవడానికి. రేపు నేను రెండూ చెబుతాను, హాలిస్ గారు అన్నదీ, ఈయన అననిదీ. ఈసారి సగం చెప్పను.

ఆగండి, చప్పట్లు వద్దు. నిజంగానే వద్దు. ఒక గురువారం ఒక్క వాక్యంలో చెప్పవలసింది ఇరవై ఎనిమిదేళ్ళకు ఇంత పొడుగున చెప్పాను. దీన్ని మెచ్చుకుంటే ఆ పందొమ్మిదేళ్ళ భోజనాలను అవమానించినట్టు. ఎనోస్ దీని తరవాత నాతో మాట్లాడతాడో, టోపీ తీయకుండా పోతాడో అది ఆయన ఇష్టం, నేను దాని కోసం పోవడం లేదు.

పనిలో నన్ను భరించినవాళ్ళకు, నేర్పినవాళ్ళకు, నా పక్కన బల్లలు ఖాళీ చేసి వెళ్ళిపోయిన ముగ్గురికి, ఇవాళ ఇంతసేపు కూర్చున్న మీ అందరికీ కృతజ్ఞుణ్ణి. కెమెరా గదిలో పిల్లలకు ఒక్క మాట: ఫోటో వెనక కాగితం గుచ్చి ఉంటే తిప్పి చదవండి. మీకు జీతం అందుకివ్వరు. అయినా చదవండి.

వాల్నట్ వాగు బస్సు పొద్దున్న ఏడున్నరకు. సెలవు.